కార్బన్ ఫైబర్ ఇన్‌ఫ్యూజన్: లోపాన్ని చదివి కారణాన్ని పట్టుకోవడం ఎలా?

అచ్చు నుంచి విడదీసిన కార్బన్ ఫైబర్ భాగం మీద తెల్లటి మచ్చలో, సూదిమొనతో గుచ్చినట్టున్న రంధ్రాలో, రెసిన్ అందక పొడిగా మిగిలిపోయిన చోటో కనిపించగానే చాలామంది మొదట అనుమానించేది రెసిన్‌ను, అంటే పోగులను తడిపి గట్టిపడే ద్రవాన్ని. అది మార్చి చూస్తారు, తరువాత పంపు మారుస్తారు, అప్పటికీ కుదరకపోతే ఫ్లో మెష్ (రెసిన్ త్వరగా పారేందుకు పరిచే వల) రెండు పొరలు వేస్తారు. ఇలా ఒకేసారి మూడు నాలుగు మార్చినప్పుడు తరువాతి భాగం బాగా వచ్చినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. బాగా రాకపోతే ఖరీదైన ఫ్యాబ్రిక్ మరికొంత వృథా అవుతుంది. నిజానికి ఇన్‌ఫ్యూజన్ (పొడి ఫ్యాబ్రిక్‌లోకి వాక్యూమ్‌తో రెసిన్‌ను ఎక్కించే పద్ధతి) లోపాలు కారణం లేకుండా ఎక్కడపడితే అక్కడ రావు. లోపం ఏ చోట ఉంది, ఏ ఆకారంలో ఉంది, అచ్చు వైపు ముఖం మీద ఉందా బ్యాగ్ వైపు ముఖం మీద ఉందా అన్న మూడు విషయాలను కలిపి చూస్తే కారణం చాలావరకు బయటపడుతుంది. ఆ కారణాల్లో అధిక భాగం రెసిన్ గొట్టం క్లాంప్ తీయకముందే ఖాయమైపోయినవి. కాబట్టి మరమ్మతు కూడా అక్కడే మొదలవ్వాలి.

పద్ధతి చెప్పుకోవడానికి సులువైనదే. అచ్చు మీద పొడి ఫ్యాబ్రిక్ పొరలు పరిచి, వాటిపై పీల్ ప్లై (గట్టిపడ్డాక ఒలిచి తీసేసే బట్ట), దానిపై ఫ్లో మెష్ వేసి, అంతటినీ నైలాన్ బ్యాగింగ్ ఫిల్మ్‌తో కప్పి, అంచుల వెంట సీలెంట్ టేపుతో మూస్తారు. ఒక చివర పంపుతో గాలి తీసేసి, మరో చివర నుంచి రెసిన్‌ను వదులుతారు. పంపు రెసిన్‌ను లాగుతుందని మాటవరసకు అంటాం గానీ, నిజానికి రెసిన్‌ను నెట్టేది బయటి వాతావరణ పీడనం. సముద్రమట్టం వద్ద అది సుమారు 1013 మిల్లీబార్లు, అంటే ఒక చదరపు మీటరు మీద దాదాపు 10 టన్నుల బరువు. ఇన్‌ఫ్యూజన్‌లో మన చేతిలో ఉన్న బలమంతా ఇదే, దీనికి మించి ఒక్క మిల్లీబారు కూడా దొరకదు. ఇదే బలంతో పెద్ద పడవల అడుగుభాగాలు, గాలిమరల రెక్కలు తయారవుతున్నాయి. రష్యాలో రూపొందిన ఎంసీ-21 ప్రయాణికుల విమానానికి రెక్కలను సైతం ఆటోక్లేవ్ (అధిక పీడనంతో వేడిచేసే పాత్ర) లేకుండా ఇన్‌ఫ్యూజన్‌తోనే చేశారు. అందువల్ల లోపాలు వస్తున్నప్పుడు పద్ధతినే నిందించడానికి ఆస్కారం తక్కువ.

ప్రవాహం నెమ్మదించడం లోపం కాదు

రెసిన్ ఎంత వేగంగా కదులుతుందన్నది 1856లో ఫ్రెంచి ఇంజినీరు హెన్రీ డార్సీ ఇసుక గుండా నీటి ప్రవాహాన్ని కొలిచి చెప్పిన సూత్రాన్నే అనుసరిస్తుంది. ఫ్యాబ్రిక్ రెసిన్‌ను ఎంత తేలికగా పోనిస్తే, రెండు చివరల మధ్య పీడనంలో తేడా ఎంత ఎక్కువగా ఉంటే వేగం అంత పెరుగుతుంది. రెసిన్ చిక్కదనం, అది దాటాల్సిన దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. దీని నుంచి వచ్చే ముఖ్యమైన ఫలితం ఒకటుంది. సరళరేఖలో సాగే ప్రవాహంలో నిండే సమయం దూరం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. మొదటి 10 సెంటీమీటర్లకు 1 నిమిషం పడితే 20 సెంటీమీటర్లకు 4 నిమిషాలు, 30కి 9 నిమిషాలు, 60కి 36 నిమిషాలు పడతాయి.

కొత్తవారు ఇక్కడే కంగారు పడతారు. మొదట్లో చకచకా పరుగెత్తిన రెసిన్ సగం దారిలో మందగించగానే ఎక్కడో ఏదో అడ్డుపడిందనుకుని హీట్ గన్ అందుకుంటారు. అది చేయకుండా, రెసిన్ అంచు చేరిన చోటల్లా బ్యాగ్ మీద మార్కర్‌తో గీత గీసి, పక్కనే సమయం రాస్తూ పోవాలి. తరువాత దూరం వర్గాన్ని నిలువు అక్షం మీద, సమయాన్ని అడ్డ అక్షం మీద పెట్టి చూస్తే సరళరేఖ వచ్చినంతవరకు అంతా సక్రమంగా ఉన్నట్టే. రేఖ మధ్యలో వంగి చదునుగా మారితే అప్పుడే ఏదో జరిగిందని అర్థం. రెసిన్ గట్టిపడడం మొదలైంది, లేదా పీడనంలో తేడా తగ్గిపోయింది. ఏ అచ్చుకైనా మొదటిసారి ఈ గీతలు గీయకుండా ఇన్‌ఫ్యూజన్ చేయడం నా దృష్టిలో చేజేతులా ఆధారాలను చెరిపేసుకోవడమే. ఇన్‌ఫ్యూజన్ అయ్యాక బ్యాగ్‌ను పారేయకుండా భాగం మీద తిరిగి పరిచి చూస్తే, లోపం ఉన్న చోట ఆ గీతలు ఎలా వంగాయో కళ్లకు కడుతుంది.

అసలు పరీక్ష రెసిన్‌కు ముందే

లోపాల్లో సింహభాగం గాలిదే. గాలి లోపల మిగిలిపోయి ఉండవచ్చు, బయటి నుంచి వచ్చి ఉండవచ్చు, ఫ్యాబ్రిక్ లేదా కోర్ (పొరల మధ్య పెట్టే ఫోమ్ లేదా చెక్క) నుంచి ఊరి ఉండవచ్చు. ఈ మూడింటినీ వేరుచేసి చూపగల పరీక్ష ఒక్కటే ఉంది. బ్యాగ్‌ను పూర్తిగా వాక్యూమ్ చేసి, పంపు వైపు వాల్వ్ మూసి, గేజ్ ఎంత పైకి వస్తుందో గమనించడం. అందరూ ఈ పరీక్ష చేస్తామనే అంటారు, కానీ దాన్ని వృథా చేసే తప్పులు రెండు తరచూ జరుగుతాయి.

మొదటిది గేజ్ సంగతి. సున్నా నుంచి మైనస్ 1 బార్ వరకు ముల్లు తిరిగే మామూలు గేజ్ బయటి వాతావరణంతో పోల్చి చెబుతుంది. వాతావరణ పీడనం వానమబ్బులతో మారుతుంది, ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు పదో వంతుకు పైగా తగ్గుతుంది. ఎపాక్సీ అనే రకం రెసిన్‌తో ఇన్‌ఫ్యూజన్‌కు కావలసినది బ్యాగ్ లోపల 10 మిల్లీబార్లకు తక్కువ పీడనం. ఈ గేజ్‌లో 10కీ 40కీ మధ్య తేడాను నమ్మకంగా చదవడం కష్టం. పరమ పీడనాన్ని (పూర్తి శూన్యం నుంచి లెక్కించేది) మిల్లీబార్లలో చూపే డిజిటల్ గేజ్ లేకుండా ఇన్‌ఫ్యూజన్ లోపాలను వెతకడం చీకట్లో తడుముకోవడమే. పైగా ఆ గేజ్‌ను రెసిన్ ట్రాప్ (పంపులోకి రెసిన్ పోకుండా మధ్యలో పట్టే డబ్బా) మూత మీద కాకుండా, పంపుకు దూరంగా బ్యాగ్ అవతలి చివర పెట్టాలి. ట్రాప్ మీద ఉన్నది పంపు ఎంత బాగా పనిచేస్తోందో చెబుతుంది తప్ప, భాగం ఏ స్థితిలో ఉందో చెప్పదు.

రెండోది అంతగా పట్టించుకోని విషయం. లీకు వల్ల పీడనం ఎంత త్వరగా పెరుగుతుందన్నది మూసి ఉన్న ఖాళీ పరిమాణం మీద ఆధారపడుతుంది. ఒక చదరపు మీటరు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పొరల్లో గాలికి మిగిలే ఖాళీ లీటరున్నరకు మించదు. దానితో పాటు 10 లీటర్ల ట్రాప్‌ను కూడా కలిపి వాల్వ్ మూస్తే, అదే లీకు దాదాపు ఎనిమిదో వంతుగా కనిపిస్తుంది. 15 నిమిషాల్లో 2 మిల్లీబార్లే పెరిగిందని సంతోషించేలోపు, బ్యాగ్ ఒక్కదాన్నే వేరుచేసి ఉంటే అది 15 మిల్లీబార్లు అయ్యేదని గుర్తుంచుకోవాలి. అందుకే బ్యాగ్‌కూ ట్రాప్‌కూ మధ్యనున్న గొట్టాన్ని క్లాంప్ చేసి పరీక్షించాలి. చిన్న భాగాలకు 10 నిమిషాల్లో ఒకటి రెండు మిల్లీబార్లకు మించి పెరగకూడదన్నది మంచి లక్ష్యం. పెద్ద అచ్చుల మీద కొంత సడలించుకోవచ్చు గానీ 20 మిల్లీబార్లు పెరుగుతుంటే మాత్రం రెసిన్ కలపకూడదు.

ఎంత పెరిగిందన్న దానితో పాటు ఎలా పెరిగిందన్నదీ చూడాలి. లీకు ఉంటే పీడనం ఆగకుండా ఒకే వేగంతో పెరుగుతూ పోతుంది. తేమ ఊరుతుంటే మొదట త్వరగా పెరిగి, క్రమంగా నెమ్మదించి, ఒక స్థాయి దగ్గర నిలబడుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి ఆవిరి పీడనం సుమారు 23 మిల్లీబార్లు. పంపు ఎంతసేపు నడిచినా గేజ్ ఈ ప్రాంతంలోనే తచ్చాడుతూ కిందికి దిగనంటే, టేపును మళ్లీ మళ్లీ నొక్కడం కన్నా కోర్‌లో, పీల్ ప్లైలో, చెక్క అచ్చులో, చివరకు పంపు నూనెలో నీరు ఉందేమో చూడాలి. నూనె పాలలా తెల్లబడి ఉంటే దానిలో నీరు చేరినట్టే, నూనె మార్చాలి. కార్బన్ పోగు స్వతహాగా తేమ పీల్చదు గానీ బాల్సా చెక్క, కొన్ని రకాల ఫోమ్‌లు బాగా పీలుస్తాయి. వాటిని ముందుగా వెచ్చగా ఆరబెట్టి, బ్యాగ్ వేశాక కొన్ని గంటలపాటు వాక్యూమ్ కింద ఉంచడమే మందు.

ఇక అసలైన లీకును వెతకడానికి ఓపిక కన్నా క్రమం ముఖ్యం. ముందు పంపును, ట్రాప్‌ను మాత్రమే మూసి చూడాలి. అది నిలిస్తే గొట్టాలను కలిపి చూడాలి, ఆపైన బ్యాగ్‌ను. లీకు బ్యాగ్‌లోనే ఉందని తేలాక దాని ఆచూకీ దాదాపు ఎప్పుడూ కొన్ని చోట్లలోనే దొరుకుతుంది. టేపు రెండు చివరలు కలిసే చోటు, గొట్టం లోపలికి దూరే చోటు, బ్యాగ్‌కు మడత వేసిన చోట దాని అడుగు, కత్తెర మొన తాకిన చోటు. కార్బన్‌తో ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంకొకటుంది. ఫ్యాబ్రిక్ కత్తిరించినప్పుడు రాలిన ఒకే ఒక్క పోగు టేపుకు అడ్డంగా పడి ఉంటే, టేపు దాని మీద ఎంత గట్టిగా అతుక్కున్నా ఆ పోగు పక్కగా గాలి లోపలికి పాకుతూనే ఉంటుంది. నల్లటి టేపు మీద నల్లటి పోగు కంటికి ఆనదు. ఫ్యాబ్రిక్ పరచడం పూర్తయ్యేదాకా టేపు మీది కాగితాన్ని తీయకపోవడం, తీసేముందు అంచును ఒకసారి తుడవడం ఈ ఒక్క కారణానికే చేయదగినవి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా లీకు ఆగకపోతే అచ్చునే అనుమానించాలి. ఫ్యాబ్రిక్ ఏదీ లేకుండా ఖాళీ అచ్చు మీద బ్యాగ్ వేసి పరీక్షిస్తే జెల్‌కోట్ అనే పైపూతలోని పగుళ్లు, బోల్టు రంధ్రాలు, అతుకులు ఉన్న అచ్చు తన గుట్టు తానే చెబుతుంది.

నిండినట్టు కనిపించడం, నిండడం

గాజు ఫైబర్‌తో పనిచేసేవారికి ఉన్న సౌకర్యం కార్బన్‌తో ఉండదు. రెసిన్ తడిపిన గాజు ఫ్యాబ్రిక్ పారదర్శకంగా మారి, లోపల బుడగ ఉన్నా, పొడిగా మిగిలినా చూపిస్తుంది. కార్బన్ పొడిగా ఉన్నా నలుపే, తడిసినా నలుపే. బ్యాగ్ మీంచి చూస్తే మనకు కనిపించేది ఫ్లో మెష్‌లో పరుగెత్తే రెసిన్ మెరుపు మాత్రమే. దాని అడుగున పొరల్లో రెసిన్ ఎంతవరకు దిగిందో తెలియదు. కార్బన్ పోగు వ్యాసం 5 నుంచి 7 మైక్రాన్లు. అలాంటివి 3 వేలో 12 వేలో కలిసి ఒక టో అవుతుంది. ఆ పోగుల మధ్య సందులు గాజు కన్నా సన్నం కాబట్టి రెసిన్ మందం గుండా కిందికి దిగడం నెమ్మదిగా సాగుతుంది. పైన మెష్‌లో రెసిన్ అంచు ఎప్పుడూ ముందుంటుంది, అచ్చును ఆనుకున్న చివరి పొరలో అంచు వెనక ఉంటుంది. పొరలు ఎక్కువయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

ఇప్పుడు మెష్‌ను వాక్యూమ్ గొట్టం దాకా పరిచారనుకుందాం. పైనున్న రెసిన్ గొట్టాన్ని చేరి అందులోకి పోవడం మొదలవుతుంది. ఆ క్షణం నుంచి రెసిన్‌కు తేలికైన దారి దొరికింది. అడుగు పొరల్లోకి దిగాల్సిన అవసరం దానికి లేదు. అక్కడ మిగిలిన గాలికి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. భాగం పైముఖం నిగనిగలాడుతూ, అచ్చు వైపు ముఖం మీద, అదీ వాక్యూమ్ చివరకు దగ్గరగా పొడి మచ్చలు వస్తే కారణం ఇదేనని దాదాపు నిస్సందేహంగా చెప్పవచ్చు. దీనికి ఇంకా ఎక్కువ మెష్ వేస్తే లోపం పెరుగుతుంది తప్ప తగ్గదు. మెష్‌ను వాక్యూమ్ గొట్టానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల ముందే ఆపేయాలి. ఆ చివరి పట్టీలో రెసిన్ పీల్ ప్లై, ఫ్యాబ్రిక్‌ల గుండానే నెమ్మదిగా సాగాలి కాబట్టి, వెనకబడిన అడుగు పొరలు ఆలోపు అందుకుంటాయి. మందపాటి భాగాలకు ఈ పట్టీని ఇంకా వెడల్పుగా ఉంచడం మంచిది. అన్నీ ఒకే దిశలో దట్టంగా సర్దిన పోగులున్న ఫ్యాబ్రిక్ కన్నా, కుట్టు దారాలున్న ఫ్యాబ్రిక్ మందం దిశలో రెసిన్‌ను కొంత సులువుగా దిగనిస్తుంది.

పొడి మచ్చ వాక్యూమ్ చివర కాకుండా మధ్యలో ద్వీపంలా, చుట్టూ పూర్తిగా తడిసిన ప్రాంతంతో ఉంటే కథ వేరు. అక్కడ రెసిన్ రెండు వైపుల నుంచి వచ్చి గాలిని చుట్టుముట్టింది. ఎందుకు చుట్టుముట్టిందన్నది బ్యాగ్ మీది గీతలు చెబుతాయి. అంచుల వెంట గీతలు ముందుకు దూసుకుపోయి మధ్యలో వెనకబడి ఉంటే, ఫ్యాబ్రిక్ అంచుకూ టేపుకూ మధ్య ఖాళీ కాలువ ఏర్పడిందని అర్థం. రెసిన్ ఎప్పుడూ తేలికైన దారినే వెతుక్కుంటుంది. లోపలి మూలల్లో కూడా ఇదే జరుగుతుంది. ఫ్యాబ్రిక్ మూలలోకి పూర్తిగా ఆనకుండా వంతెనలా నిలిస్తే దాని కింద ఖాళీ గొట్టం తయారై, రెసిన్ అందులో పరుగెత్తుతుంది. విడదీశాక ఆ మూల వెంట ఫైబర్ లేని ఒట్టి రెసిన్ గట్టు కనిపిస్తుంది. చిన్న దెబ్బకే అది పగులుతుంది. బ్యాగ్‌కు మూల దగ్గర తగినన్ని మడతలు ఇవ్వడం, తక్కువ వాక్యూమ్ వద్దే పంపు ఆపి ఫ్యాబ్రిక్‌ను, బ్యాగ్‌ను మూలలోకి వేళ్లతో తోసి, ఆ తరువాతే పూర్తి వాక్యూమ్ ఇవ్వడం దీనికి విరుగుడు. పూర్తి వాక్యూమ్ వచ్చాక ఆ 10 టన్నుల బరువు కింద ఫ్యాబ్రిక్ ఇక కదలదు.

గొట్టాలను ఎక్కడ పెట్టాలన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. చుట్టూ అంచు నుంచి రెసిన్ వదిలి మధ్యలో గాలి తీస్తే, మధ్య నుంచి అంచులకు వదిలినప్పటి కన్నా త్వరగా నిండుతుంది. రెసిన్ అంచు కుంచించుకుపోతూ సాగుతుంది కాబట్టి. కానీ అంచులన్నీ కలుసుకునే చోటు, వాక్యూమ్ పెట్టిన చోటు ఒకటి కాకపోతే మధ్యలో ద్వీపం తప్పదు. ఆకారం గురించి నమ్మకం లేనప్పుడు కొంత ఆలస్యమైనా ఒక చివర నుంచి మరో చివరకు వెళ్లే అమరికే మేలని నా అభిప్రాయం. మొత్తం భాగం మీద గాలిని పోనిచ్చి రెసిన్‌ను ఆపే పొరను వేసే పద్ధతి ఉంది గానీ, దాని ఖర్చు అందరికీ అందుబాటులో ఉండదు.

బుడగ ఉన్న చోటే దాని చిరునామా

సూదిమొనల్లాంటి రంధ్రాలన్నింటికీ కారణం ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. ఒక బిందువు దగ్గర మొదలై వాక్యూమ్ వైపు తోకలా సాగిన బుడగల వరుస ఉంటే అక్కడ లీకు ఉంది. తోక మొదలు ఉన్న చోటే ఆ లీకు. రెసిన్ వచ్చే గొట్టం దగ్గర గుంపుగా ఉంటే గాలి రెసిన్‌తో పాటే వచ్చింది. గొట్టం అతుకు వదులుగా ఉండవచ్చు, లేదా డబ్బాలో రెసిన్ అయిపోయి గొట్టం ఒక్క క్షణం గాలి పీల్చి ఉండవచ్చు. ఆ క్షణం చాలు; లోపలికి పోయిన గాలి భాగం పొడవునా పాకుతుంది. డబ్బాలో గొట్టం మొన మునిగి ఉండేంత రెసిన్ మిగిలి ఉండగానే క్లాంప్ వేయాలి. కోర్ ముక్కల అతుకుల మీద బుడగలు వరుసగా ఉంటే కోర్‌లో దాగిన గాలి బయటపడింది. వాక్యూమ్ చివరన నురుగులా ఉంటే ముందంచులో వచ్చే నురుగును బయటికి పోనివ్వకుండానే ముగించారు. రెసిన్ వాక్యూమ్ గొట్టానికి చేరాక మరికొంత బయటికి వదలాలి.

ఇవేవీ కాకుండా అచ్చు వైపు ముఖం మీద ప్రతి నేత సందులోనూ సమానంగా రంధ్రాలుంటే, విషయం ప్రవాహ వేగానికి సంబంధించినది. ఫ్యాబ్రిక్‌లో దారులు రెండు రకాలు: టోల మధ్యనున్న పెద్ద సందులు, టో లోపల పోగుల మధ్యనున్న సన్నని సందులు. రెసిన్ మరీ నెమ్మదిగా వస్తే ఒత్తి నూనెను పీల్చినట్టు టో దాన్ని ముందే పీల్చుకుని, పెద్ద సందుల్లో గాలి చిక్కుతుంది. మరీ వేగంగా వస్తే రెసిన్ పెద్ద సందుల గుండా దూసుకుపోయి, గాలి టో లోపల ఉండిపోతుంది. మొదటిది కంటికి కనిపించే లోపం, రెండోది కనిపించని లోపం. బలం దృష్ట్యా రెండోది తక్కువ ప్రమాదమేమీ కాదు. మొదట మంచి వాక్యూమ్ ఉంటే రెండు చోట్లా చిక్కడానికి గాలే తక్కువ ఉంటుంది. కాబట్టి వేగాన్ని సవరించేముందు మళ్లీ గేజ్ దగ్గరికే వెళ్లాలి.

రెసిన్‌ను కలిపేటప్పుడు దానిలో చేరే గాలి సంగతీ చూడాలి. కలిపిన ఎపాక్సీని వాక్యూమ్ డబ్బాలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచితే అది నురుగై పలు రెట్లు పొంగి, కుప్పకూలి, తేటబడుతుంది. పాత్ర ఆ పొంగును పట్టేంత పెద్దదిగా ఉండాలి. వినైల్ ఎస్టర్, పాలియెస్టర్ రెసిన్లకు ఇదే పని చేయకూడదు. వాటిలోని స్టైరీన్ ఆవిరి పీడనం 20 డిగ్రీల వద్ద సుమారు 6 నుంచి 7 మిల్లీబార్లు. అంతకు దిగితే స్టైరీనే మరిగి బుడగలవుతుంది. ఎపాక్సీ మీద అలవాటైన 2 మిల్లీబార్ల వాక్యూమ్‌ను ఈ రెసిన్ల మీద ప్రయోగిస్తే, లీకు ఏదీ లేకుండానే భాగమంతా బుడగలమయం కావడానికి కారణం ఇదే.

నిండిన తరువాత ఏం చేయాలన్నది అనుభవజ్ఞుల మధ్య కూడా వాదోపవాదాలున్న విషయం. స్థిరమైన ఉష్ణోగ్రత వద్ద వాయువు పరిమాణం పీడనానికి విలోమంగా మారుతుంది కాబట్టి, 10 మిల్లీబార్ల వద్ద ఉన్న బుడగ 200 మిల్లీబార్లకు వచ్చేసరికి ఇరవయ్యో వంతుకు కుంచించుకుపోతుంది. అందుకని రెసిన్ గొట్టం మూసి, అదనపు రెసిన్ పోనిచ్చాక, వాక్యూమ్‌ను కొంత సడలించి జెల్ అయ్యేదాకా (రెసిన్ పారడం ఆగి గట్టిపడడం మొదలయ్యేదాకా) అలాగే ఉంచే పద్ధతి ఉంది. దానికి చెల్లించే మూల్యం పొరలను నొక్కే బలంలో అదే మేరకు తగ్గుదల. లీకు లేని బ్యాగ్, గాలి తీసిన రెసిన్, కోర్ లేని పలుచని భాగం అయితే ఈ సడలింపు అవసరం లేదని నేననుకుంటాను. ఫోమ్ కోర్ ఉన్నప్పుడు మాత్రం ఇది నిజంగా పనికొస్తుంది.

రెసిన్ తప్పు ఎప్పుడు?

రెసిన్‌ను నిందించదగిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఇన్‌ఫ్యూజన్ ఎపాక్సీల చిక్కదనం గది ఉష్ణోగ్రత వద్ద సాధారణంగా 200 నుంచి 400 మిల్లీపాస్కల్ సెకన్లు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే అది సుమారు సగానికి దిగుతుంది, కానీ గట్టిపడే చర్య వేగం కూడా దాదాపు రెట్టింపవుతుంది. చల్లని గదిలో చిక్కబడిన రెసిన్‌తో పని మొదలుపెడితే నిండకముందే జెల్ కావచ్చు. దానికి విరుగుడుగా కలిపిన రెసిన్ డబ్బాను వేడిచేస్తే, అందులోనే పొగలు చిమ్ముతూ గట్టిపడవచ్చు. పలుచని పొరలో వేడి చెదిరిపోతుంది గానీ డబ్బాలోని ముద్దలో పోగవుతుంది. గదిని, అచ్చును ముందుగా నులివెచ్చగా ఉంచుకుని, రెసిన్‌ను అవసరమైనంత చొప్పున విడతలుగా కలుపుకోవడమే సురక్షితం. భాగమంతా మెత్తగా ఉంటే హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరచేందుకు కలిపే రెండో ద్రవం) తూకం తప్పింది. అక్కడక్కడ మాత్రమే జిగటగా ఉంటే తూకం సరిగ్గానే ఉన్నా గిన్నె గోడలను, అడుగును గీరుతూ కలపలేదు. హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందన్నది ఎపాక్సీ విషయంలో అపోహ. అక్కడ నిష్పత్తి రసాయనికంగా స్థిరం.

కొన్ని వారాల తరువాత నున్నటి ముఖం మీద నేత గుర్తులు తేలడం కూడా రెసిన్ వైపు విషయమే. పూర్తిగా గట్టిపడకముందే విడదీసిన భాగాన్ని ఎండలో పెడితే మిగిలిన చర్య అప్పుడు జరిగి, రెసిన్ ముడుచుకుంటుంది. తయారీదారు చెప్పిన పోస్ట్ క్యూర్‌ను (గట్టిపడ్డాక మళ్లీ వేడిచేయడాన్ని) అచ్చు మీదే చేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది.

త్రాసు చెప్పే సంగతి

రెసిన్ గొట్టం దగ్గర మందంగా, అవతలి చివర పలుచగా ఉన్న భాగాలు తరచూ వస్తాయి. రెసిన్ వచ్చే చోట బ్యాగ్ లోపలి పీడనం బయటి పీడనానికి దగ్గరగా ఉంటుంది. పొరలను నొక్కేది ఈ రెండింటి తేడాయే కాబట్టి అక్కడ ఫ్యాబ్రిక్ ఉబ్బుతుంది. నిండిన వెంటనే రెసిన్ గొట్టం మూసి, జెల్ అయ్యేలోపు అదనపు రెసిన్ వాక్యూమ్ వైపు పోవడానికి సమయమిస్తే మందం సమానమవుతుంది. ఆ సమయం మిగలాలంటే నిండడం జెల్ సమయానికి చాలా ముందే ముగియాలి.

ఫలితాన్ని కొలవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కార్బన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.8 గ్రాములు, గట్టిపడిన ఎపాక్సీది సుమారు 1.2. పరిమాణంలో 55 శాతం ఫైబర్ ఉండాలనుకుంటే, 1000 గ్రాముల పొడి ఫ్యాబ్రిక్‌తో చేసిన, అంచులు కత్తిరించని భాగం దాదాపు 1550 గ్రాములు తూగాలి. 1750 తూగితే రెసిన్ ఎక్కువైంది. వాక్యూమ్ తక్కువగా ఉండి ఉండాలి, లేదా గొట్టం మూయడం ఆలస్యమై ఉండాలి. మందం సరిగ్గానే ఉండి బరువు మాత్రం తగ్గితే లోపల శూన్యాలు (గాలి ఖాళీలు) ఉన్నాయని అనుమానించాలి.

రెసిన్ పారుతుండగా లోపం బయటపడితే చేయగలిగింది కొంతే గానీ ఉంది. చెవికి అందే బుస వినిపిస్తే ఆ చోట టేపు ముద్ద నొక్కాలి. ద్వీపం ఏర్పడబోతున్నట్టు గీతలు సూచిస్తే, ముందుకు దూసుకుపోతున్న వైపు రెసిన్ గొట్టాన్ని మూసి, వెనకబడిన వైపు అందుకునేదాకా ఆగాలి. ద్వీపం అప్పటికే ఏర్పడితే దాని మధ్య టేపు ముద్ద అంటించి, అందులోంచి సన్నని గొట్టంతో వాక్యూమ్ పెట్టవచ్చు. చేయి స్థిరంగా లేకపోతే ఆ ప్రయత్నమే కొత్త లీకవుతుంది.

గట్టిపడిన తరువాత పొడి మచ్చలోకి రెసిన్ ఎక్కించడం అలంకారానికి వాడే భాగాలకు చాలు. బరువు మోసే భాగాలకు అది చాలదు. శూన్యాలు ప్రతి 1 శాతం పెరిగేకొద్దీ పొరల మధ్య కోత బలం సుమారు 7 శాతం తగ్గుతుంది. విమాన భాగాల్లో మొత్తం శూన్యాలు 1 శాతానికి మించకూడదని సాధారణంగా పట్టుబట్టేది అందుకే. నాణెంతో మెల్లగా తట్టుతూ పోతే గట్టి చోట ఖంగుమనే శబ్దం, పొర విడిన చోట బొంగురు శబ్దం వస్తాయి, కానీ చెల్లాచెదురైన సన్నని శూన్యాలను నాణెం పట్టలేదు. వాటికి అల్ట్రాసోనిక్ స్కాన్ కావాలి, లేదా అదే ఫ్యాబ్రిక్‌తో, అదే బ్యాగ్ కింద, అసలు భాగం పక్కనే చేసిన నమూనా పట్టీని కోసి, ఆ కోతను నునుపు చేసి భూతద్దంతో చూడాలి. ఆ పట్టీలో శూన్యాలు కనిపిస్తే, పైముఖం ఎంత మెరుస్తున్నా, బరువు మోసే చోట ఆ భాగాన్ని వాడకూడదు.